కాలవ కింద పొలం



కాలవల ఇంజనీరువి గదా, కాలవల గురించి మాట్లాడమన్నారు. నేను మన ఇంగ్లీషు క్లాసు గురించి మాట్లాడతాను. మాస్టారు బల్ల మీద సుద్దముక్కల డబ్బా పెట్టి, ముక్క ఎక్కడుందిరా అని అడిగేవారు. డబ్బాలో ఉంటే ఇన్, డబ్బా మీదుంటే ఆన్, బల్ల కింద పడితే అండర్. తప్పు చెప్పినవాడు బల్ల కింద దూరి ముక్క తేవాలి. అందరికన్నా ఎక్కువసార్లు దూరింది నేనే.

విజయవాడ 'ఆన్ ది కృష్ణా' అని మొదటిసారి చదివినప్పుడు ఊరు నీళ్ళ మీద తేలుతోందా అని నవ్వుకున్నాను. ఒడ్డున ఉన్న ఊరికి ఇంగ్లీషువాడు ఆన్ అంటాడు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ నదికి అడ్డంగా ఉంది గనక అది 'అక్రాస్'. సరే, ఇలాంటివి తప్పు రాస్తే నవ్వుతారు, అంతే.

'దగ్గర'తో అంత తేలిగ్గా పోదు. లాకుల దగ్గర గండి పడిందంటే సరిగ్గా లాకుల చోటేనా, లేక కాస్త ఇటో అటోనా? మొదటిది ఎట్, రెండోది నియర్. నియర్ అని రాస్తే ఇసుక బస్తాల లారీ ఎక్కడ ఆగాలి?

అన్నిటికన్నా నన్ను ముంచింది 'కింద'. బందరు కాలవ కింద రెండెకరాలుందని ఎవరైనా అంటే, ఆ కాలవ నీటితో పండే పొలమని మనకు తెలుసు. మా కాగితాల్లోనూ అండర్ ది కెనాల్ అనే రాస్తాం. పైదేశంవాడు చదివితే పొలం నెత్తిన కాలవ పారుతోందనుకుంటాడు. అదే ఎనికెపాడు వెళ్ళి చూడండి, బుడమేరు నిజంగానే ఏలూరు కాలవ అడుగునుంచి పోతుంది. దాన్ని అందరూ యూటీ అంటారు, అంటే అండర్ టన్నెల్.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, వానాకాలం. ఒక సాయంత్రం లస్కరు తడిసిపోయి వచ్చి, "గట్టు కింద నుంచి నీళ్ళు వస్తున్నాయండీ, బురదగా వస్తున్నాయి" అన్నాడు. నేను వెళ్ళి చూడలేదు. పైవాళ్ళకు చీటీ రాసి పంపాను: 'వాటర్ బిలో ది బండ్'. బిలో అంటే పల్లంలో. గట్టు పక్క పల్లప్పొలాల్లో వాననీళ్ళు నిలిచాయనుకున్నారు వాళ్ళు. ఆ రోజుల్లో ప్రతి గట్టు పక్కనా నీళ్ళే. 'ఫ్రమ్ అండర్' అని రాసుంటే అప్పుడే మనుషుల్ని పంపేవారు. బురద మాట నేను అసలు రాయనే లేదు. తేటనీరు ఊరితే కొంత ఆగొచ్చు. బురదనీరు వస్తోందంటే గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం.

రాత్రి రెండింటికి గట్టు ఒక పక్క జారింది. ఆ లస్కరు అప్పటికే ఊళ్ళోవాళ్ళను లేపి, ఊట చుట్టూ బస్తాలతో గుండ్రంగా కట్ట వేయిస్తున్నాడు. లోపల నీరు నిలిస్తే ఊట జోరు తగ్గుతుందని అతనికెవరూ పాఠం చెప్పలేదు. గట్టు నిలిచింది.

వారానికి మెమో వచ్చింది, నాకు కాదు, అతనికి. సమాచారం సరిగా ఇవ్వలేదని. నా చీటీ ఫైల్లో ఉంది, అతని మాట ఎక్కడా లేదు. అతను చెప్పింది సరిగ్గానే ఉంది, తప్పు నా ఇంగ్లీషుదని రాసివ్వటానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఉద్యోగం కొత్త, భయం. ఇది ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పలేదు. మాస్టార్లు ఎదురుగా ఉన్నారు గనక చెబుతున్నాను.

మెమో రద్దయింది. కాగితం చేతికిస్తే అతను చదవమన్నాడు. ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. అంతా విని, "ఈసారి మీరొచ్చి చూడండి బాబూ, తర్వాత ఏ మాటైనా రాసుకోండి" అన్నాడు.