జిల్లేడు పాలు, రబ్బరు ఆశ

కర్నూలు, కడప బీళ్లలో జిల్లేడు కొమ్మ విరిస్తే పాలు ధారకడతాయి. వాటిలో రబ్బరు ఉన్న మాట నిజమే, కానీ కొద్దిగానే. జిగట రెసిన్లే ఎక్కువ. పాలు కారే ప్రతి మొక్కా రబ్బరు పంట కాదు. పోనీ కేరళ రబ్బరు చెట్టు పెడదామంటే, దానికి ఏటా 2,000 మిల్లీమీటర్ల వాన కావాలి. ఇక్కడ కురిసేది 700కు అటూ ఇటూ.

మెట్టకు తగిన మొక్కలే లేవా అంటే, ఉన్నాయి. 1942లో జపాన్ మలయాను ఆక్రమించి రబ్బరు సరఫరా తెగిపోయాక అమెరికా హైతీలో మడగాస్కర్ రబ్బరు తీగను వేల ఎకరాల్లో నాటించింది. కొసలు కోసి చుక్కచుక్కగా పాలు పట్టే పని గిట్టుబాటు కాక 1944లో వదిలేసింది. ఊదాపూల ఆ తీగ మన దేశంలోనూ తనంతట తానే పెరుగుతోంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లోనైతే బీళ్లను కమ్మేసిన కలుపు, పైగా పశువులకు విషం. గొర్రెలు మేసే సీమలో దాన్ని పంటగా వేయమనడం నాకు తెలివైన పనిగా తోచదు. మెక్సికో ఎడారి పొద గువాయులే మెరుగు: ఎండు బరువులో దాదాపు పదో వంతు రబ్బరే. అయితే దానికి గాటు పెడితే పాలు కారవు. పొదనంతా కోసి, నలిపి, రబ్బరు తీయాలి. కోతకు రావడానికే రెండేళ్లకు పైగా పడుతుంది. దగ్గర్లో మిల్లు లేకుండా మొక్కలు పంచితే రైతుకు మిగిలేది వంటచెరకే.