అక్షరములకు రంగులు



విశాఖపట్టణపు రేవులోనికి 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' యను ఓడ మొట్టమొదట ప్రవేశించెను. సముద్రమునుండి రేవునకు వచ్చు ఓడకు ఎడమవైపున ఎఱ్ఱని తేలుడు గుఱుతులును, కుడివైపున ఆకుపచ్చనివియు దారి చూపును. ఆ రంగులు ఓడను నడపవు. నడపువాని కంటికి సాయపడును. నేను నేడు చెప్పబోవు విషయమును ఇట్టిదే.

ఈ పట్టణమున చదువు పిల్లలు పెక్కుమంది కంప్యూటరు పని నేర్చుచున్నారు. వారిలో కొందఱు మీ మనుమలు, మనుమరాండ్రు కావచ్చును. కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా వ్రాసినదే ప్రోగ్రాము. దానిని వ్రాయుటకు ఎడిటరను సాధనము గలదు. వేయి పంక్తులును ఒకే రంగున నున్నచో తప్పు పట్టుట కష్టము. కావున ఎడిటరునకు ప్లగిన్ అను చిన్న అనుబంధమును చేర్చుదురు. అది ఆ భాషయొక్క సూత్రములనుబట్టి ఆజ్ఞలకు ఒక రంగును, అంకెలకు వేఱొక రంగును, చదువువారికై వ్రాసిన వివరణకు మఱియొక రంగును వేయును. పంచాంగమున పండుగలను ఎఱ్ఱసిరాతో ముద్రించుట వంటిదే యిది. ఉద్ధరణ చిహ్నమును మూయ మఱచినచో, తరువాతి భాగము రంగు మారి తప్పును వెంటనే పట్టియిచ్చును.

హాలండు దేశీయుడగు బ్రామ్ మూలెనార్ 1991లో వెలువరించిన 'విమ్' అను ఎడిటరునకు ఈ సదుపాయము 1998లో చేరెను. మైక్రోసాఫ్టువారు 2015లో వెలువరించిన 'విజువల్ స్టూడియో కోడ్'నందు అనుబంధముల అంగడియే కలదు. పేరు వెదకి, 'ఇన్‌స్టాల్' అను మీట నొక్కినచో పని ముగియును.

ఇంత సులభమగుటచేతనే నేను పిల్లలకు రెండు మాటలు చెప్పుచుందును. ప్లగిన్ కూడ పరులు వ్రాసిన ప్రోగ్రామే. చెడ్డబుద్ధితో వ్రాసినదైనచో అది యంత్రములోని పత్రములను, రహస్యములను చదివి యితరులకు చేరవేయగలదు. చాల భాషలకు రంగులు ఎడిటరుతోడనే వచ్చును. అట్టిచోట అనుబంధమే అక్కఱలేదు. కావలసివచ్చినప్పుడు చేసినవారెవరో తెలిసికొనియే చేర్చవలెను.

ఇక రెండవ మాట. రంగు మాటల కూర్పును చూచునుగాని అర్థమును చూడదు. రేవున దిగిన సరకునకు రుసుము కట్టు ప్రోగ్రామున టన్నులను ధరతో గుణింపవలసినచోట కూడినను, అంకెలు అదే రంగున మెఱయుచుండును. నష్టము మాత్రము సరకువానిది.

సంక్రాంతికి ఇల్లు చేరిన మనుమరాలు ఆ రంగులను చూపినప్పుడు మెచ్చుకొనుడు. పిమ్మట, "అమ్మా, ఈ అనుబంధము ఎవరు చేసినది? లెక్కను చేతితో ఒక్కసారి సరిచూచితివా?" అని యడుగుడు. ఇట్లడుగుటకు కంప్యూటరు విద్య అక్కఱలేదు. అప్పుపత్రముపై వ్రాలు చేయుటకు ముందు వ్రాసినవా డెవరో విచారించి, మొత్తమును మరల కూడి చూచుకొనెడి మీకు ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు.