పాత మారుతి కారు: కొనుటయు, పోషించుటయు



మన పల్లెలలో ఎద్దును బేరమాడువాడు తొందరపడడు. నోరు తెరచి పండ్లు చూచును, సుళ్లు పరికించును, నడిపించి చూచును, కాడి కట్టి ఒక చాలు దున్నించిన గాని సొమ్ము చేతిలో పెట్టడు. ఇంతటి వివేకము గల కుటుంబమే పాత కారు కొనునపుడు పై రంగును, లోపలి మెత్తలను చూచి బయానా ఇచ్చి వచ్చుచున్నది. కారునకును పండ్లు కలవు, సుళ్లు కలవు. వానిని చూచు విధమును, కొన్న పిదప ఆ బండి ఏటేట కోరు మేతను గూర్చియు నేడు మనవి చేసెదను. దృష్టాంతముగా మారుతి 800 అను చిన్న కారును గ్రహించెదను.

ఈ కారులలో మొదటిదాని తాళపుచెవిని 1983 డిసెంబరు 14వ తేదీన నాటి ప్రధాని ఇందిరాగాంధీ కొనుగోలుదారునకు అందించిరి. 2014 జనవరిలో దీని తయారీ నిలిచిపోయినది. కావున నేడు అమ్మకమునకు వచ్చు మారుతి 800 ఏదైనను పదేండ్లు దాటినదే. దీనికి మూడు సిలిండర్లు గల 796 ఘన సెంటీమీటర్ల ఇంజను కలదు. అది ముందు చక్రములను త్రిప్పును. నిర్మాణము సరళము. చేయి తిరిగిన మెకానిక్కులు చిన్న పట్టణములలో సైతము కలరు. దీని గుణములివి. ఇక లోపములు చూతము.

కారును చూచుటకు ప్రాతఃకాలముననే పోవలెను. ఇంజను మూతపై చేయి పెట్టి చూడుడు. అది వెచ్చగా నున్నచో అమ్మువాడు ముందుగనే నడిపి ఉంచెనని గ్రహింపుడు. చల్లని ఇంజను తొలి ప్రయత్నముననే కదలుట ఆరోగ్య లక్షణము. పిమ్మట వెనుకకు పోయి పొగను చూడవలెను. నీలి పొగ వచ్చినచో ఇంజను నూనె కాలుచున్నదని అర్థము. పిస్టను రింగులో, వాల్వు సీళ్లో అరిగియుండును. నల్ల పొగ పెట్రోలు అధికముగా కాలుటకు గుర్తు. పాత నమూనాలలో కార్బురేటరును సవరించిన చక్కబడవచ్చును. తెల్లని ఆవిరి చలి వేళ కొంత వచ్చుట సహజమే. ఇంజను వేడెక్కిన పిదపను అది ఆగకున్నచో నీరు సిలిండరులోనికి దిగుచున్నదని శంకింపవలెను. నూనె పోయు మూతను విప్పి చూచిన, దాని అడుగున మీగడవంటి పదార్థము కనబడుట కూడ నూనెలో నీరు చేరెననుటకు ఒక సూచన.

ఈ కారునకు ప్రాణాంతకమైన వ్యాధి వేడి. రేడియేటరును చల్లార్చు పంకా విద్యుత్తుతో తిరుగును. నీటి వేడి ఒక మేర దాటగనే ఒక స్విచ్చి దానిని తిప్పవలెను. ఆ స్విచ్చి చెడినను, తీగ ఊడినను పంకా తిరుగదు. నిండు వేసవిలో ఐదుగురిని ఎక్కించుకొని పోవునపుడు ముల్లు ఎర్రగీతను దాటినను, ఊరు దగ్గరకు వచ్చితిమి గదా యని నడిపినచో అల్యూమినియపు సిలిండరు హెడ్డు వంగును, గాస్కెట్టు కాలును. కొన్ని నూర్ల రూపాయలతో పోవలసిన దోషము ఇంజను విప్పు పనికి దారితీయును. ముల్లు పైకి పోగనే బండిని నీడన నిలిపి ఇంజనును ఆపవలెను. వేడిగా నున్నపుడు రేడియేటరు మూతను ఎన్నడును విప్పరాదు. మరుగు నీరు ముఖముపైకి చిమ్మును. బావినీరు పోయుచు వచ్చిన రేడియేటరు లోపల తుప్పుపట్టి పూడుకొనును. అందు తగిన కూలెంటు ద్రవమునే పోయవలెను.

రెండవది టైమింగు బెల్టు. పండ్లు గల ఈ రబ్బరు పట్టీ ఇంజను వాల్వులను క్రమము తప్పక తెరచి మూయించును. సాధారణముగా ఇది చప్పుడు చేసి హెచ్చరింపదు. ఒకనాడు తెగును, బండి ఉన్నచోటనే నిలిచిపోవును. నడిచిన దూరము తక్కువయైనను ఏండ్లు గడచిన రబ్బరు పగులును. ఎప్పుడు మార్చిరో రసీదు లేనిచో కొన్న వారముననే క్రొత్తది వేయించుట మేలు.

ఇక కాడి కట్టి చూచుట. ఎత్తు రోడ్డుపై నడుపునపుడు ఇంజను మ్రోత పెరిగి వేగము పెరుగకున్నచో క్లచ్చి అరిగినది. స్టీరింగును చివరివరకు త్రిప్పి మెల్లగా మలుపు తీసికొనునపుడు ముందు చక్రముల వద్ద టక్కు టక్కుమని వినబడినచో ఇరుసు కీళ్లు చెడినవి. ఆ కీళ్లపై నుండు రబ్బరు తొడుగు చిరుగగా గ్రీజు పోయి దుమ్ము చేరుటయే దీనికి హేతువు. మన మట్టిబాటలపై ఇది తరచు జరుగును. తొడుగు చిరిగిన నాడే మార్చినచో కీలు దక్కును.

కాళ్లక్రింది పట్టాను ఎత్తి నేల రేకును చూడుడు. సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలికి తుప్పు అధికము; ఇంజను మార్చవచ్చును గాని తుప్పుతిన్న దేహమును మార్చలేము. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలు దాని జాతకము: 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనది. మీటరులోని కిలోమీటర్లు తక్కువయై, కాలి పెడళ్ల రబ్బరు నున్నగా అరిగియున్నచో మీటరును కాదు, పెడలును నమ్ముడు.

బండికంటె పత్రములు ముఖ్యము. బ్యాంకు అప్పు తీరినట్లు పత్రముండవలెను. అమ్మినవారు ఫారము 29ను, ఉభయులు ఫారము 30ను సంతకముచేసి రవాణా కార్యాలయమున ఇచ్చి పేరు మార్పించవలెను. బీమాను కూడ 14 దినములలో కొన్నవాని పేరునకు మార్చుకొనుటకు దరఖాస్తు చేయవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. 2014 జూన్ 2 నుండి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వేరు రాష్ట్రములైనవి గనుక హైదరాబాదు కారును గుంటూరునకు తెచ్చుకొనువారు అక్కడి నిరభ్యంతర పత్రము పొందవలెను. అమ్మువారికి ఒక హెచ్చరిక: అమ్మిన పిదపను రిజిస్టరులో ఎవరి పేరు నిలిచియున్నదో, ప్రమాదపు పరిహారమునకు వారే యజమానిగా బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. చేతికి సొమ్ము వచ్చెను గదా యని ఊరకుండినచో, ఎవరో నడిపిన బండికి మీ పొలము పూచీపడవచ్చును.

ఇప్పుడు లెక్క. ఏటికి 6,000 కిలోమీటర్లు నడుపుదురనుకొందము. లీటరునకు 15 కిలోమీటర్ల చొప్పున 400 లీటర్లు; లీటరు 108 రూపాయలైన 43,200. తృతీయపక్ష బీమా, 1,000 ఘన సెంటీమీటర్ల లోపు కార్లకు 2022 జూన్ 1 నుండి నిర్ణయించిన 2,094 రూపాయలును, పన్నును కలిపి సుమారు 2,470. నూనెమార్పునకు, సర్వీసునకు 5,000. టైర్లకు ఏటి వంతు 3,000, బ్యాటరీకి 1,000, మరమ్మతులకు ప్రత్యేకముగా తీసిపెట్టవలసినది 8,000. పదునైదేండ్లు దాటిన కారునకు ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగింపవలెను. ఆ రుసుమును 2022 ఏప్రిల్‌లో 600 నుండి 5,000కు పెంచిరి. 2025లో ఇరువదేండ్లు దాటినవానికి 10,000 చేసిరి. ఐదువేల రుసుముననుసరించి ఏటి వంతు 1,000. మొత్తము 63,670, కిలోమీటరునకు పదిన్నర రూపాయలకు పైబడును. బీమా, రుసుములు గాక తక్కిన అంకెలు నా అంచనాలు. మీ ఊరి ధరలు వేసి సవరించుకొనుడు.

ఏటికి 1,000 కిలోమీటర్లే నడిపినచో ఏమగును? పెట్రోలు 7,200కు దిగును. తక్కిన ఖర్చులు అంతగా దిగవు. టైరు నిలుచున్నను ముదురును, బీమా నిదురింపదు. అప్పుడు కిలోమీటరునకు 20 రూపాయలు మించును. నెలకొకసారి ఆసుపత్రికి, ఏటికి రెండు పెండ్లిండ్లకు మాత్రమే పోవు ఇంటికి బాడుగ బండియే చవుక. రాత్రివేళ ఏ బండియు దొరకని ఊరిలో ముసలి తల్లిదండ్రులున్న ఇంటికి మాత్రము ఈ లెక్క వేరు. అచట కారు విలాసము గాదు, ఆధారము.

కాబట్టి చేతనున్న సొమ్మంతయు కారు ధరకే పెట్టకుడు. అందు నాలుగవ వంతు తొలి ఏటి మరమ్మతులకు నిలుపుకొని, మిగిలినదానితో బేరమాడుడు. మెకానిక్కును మీరే వెంట తీసికొనిపోవుడు. అమ్మువాడు చూపించిన వానిని గాదు. ఇంటి పిల్లలు ఉత్సాహపడుట సహజము. లెక్క అడుగుట పెద్దల ధర్మము.

సెలవు.