సుభద్ర యింట పెరిగిన బిడ్డలు



నేడు అరణ్యపర్వమునందలి యొక చిన్న ఘట్టమును మనవి చేసెదను. పాండవులు కామ్యకవనమున నుండగా శ్రీకృష్ణుడు సత్యభామాసమేతుడై వారిని చూడవచ్చెను. అప్పుడు ద్రౌపదికి ఆమె కుమారుల క్షేమవార్త చెప్పెను. తాతగారైన ద్రుపదుని యింట ఏ లోటును లేకున్నను ఆ బాలురకు అచట మనసు నిలువలేదట. ద్వారకకు వచ్చిరి. కుంతీదేవి యెట్లు చూచుకొనునో, నీవెట్లు చూచుకొందువో, సుభద్ర వారినట్లే చూచుకొనుచున్నదనెను. ప్రద్యుమ్నుడు అస్త్రవిద్య నేర్పుచున్నాడు. అభిమన్యుడును వారికి ఆయుధశిక్షణ యిచ్చుచున్నాడు.

సవతి బిడ్డలను పెంచుట సామాన్యమా యని సుభద్రను కొనియాడి, ఉపన్యాసకులము ఇంతటితో ముగింతుము. నేనును చాలకాలము అట్లే చెప్పితిని. ఇప్పుడు నాకు మరియొకటి కనబడుచున్నది. సుభద్ర ఒంటరిగా పెంచలేదు. చదువు భారమును మేనల్లుడు వహించెను. అడవిలోనున్న తల్లికి వార్త చేర్చు పని అన్నగారిది.

మన యూళ్లలోనో? కూతురో కొడుకో కన్నుమూయగా, డెబ్బదియేండ్ల ముసలమ్మ మనుమలను పెంచుచుండును. బంధువులు వచ్చి, "మహాతల్లి, పుణ్యాత్మురాలు" అని చేతులు జోడించి పోవుదురు. ఆ నమస్కారముతో బడి ఫీజు చెల్లునా? ఆమెకు జ్వరము వచ్చిననాడు పిల్లలకు అన్నము వండువారెవరు? ఆమె నోరు తెరచి యడుగదు. అడిగినచో "బిడ్డలు బరువైరా?" అందురని భయము.

తైత్తిరీయమునందలి శిక్షావల్లి శ్రద్ధతో ఇమ్మనుటయే గాక, లజ్జతో ఇమ్మనియు శాసించుచున్నది. సిగ్గుపడవలసినవాడు ఇచ్చువాడే గాని పుచ్చుకొనువాడు కాడు. కనుక పిల్లల యెదుట రూపాయలు లెక్కించి యీయకుడు. "తల్లిలేని బిడ్డ" అని వారు వినునట్లు అనకుడు.

ప్రభుత్వ సహాయమును గలదు. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకములు, బంధువుల యింట పెరుగు అనాథ బాలలకు, ఆదాయ పరిమితికి లోబడి, నెలకు 4,000 రూపాయల సహాయమును పేర్కొనుచున్నవి. అర్జీని జిల్లా బాలల సంరక్షణ విభాగమునందు ఇయ్యవలెను. ఆ ముసలితల్లికి ఈ కాగితముల సంగతి ఎట్లు తెలియును? చదువుకొన్న మేనమామ యొకనాడు సెలవు పెట్టి, మరణ ధ్రువీకరణ పత్రములు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకము పట్టుకొని, ఆమెను వెంటబెట్టుకొని పోవలెను.

వేసవిలో ఆ పిల్లలను పదిదినములు మీ యింటికి తీసికొనిపొండు. ఆ పదిదినములు ఆమె కాశికి పోయెనో, కడుపునిండ నిద్రపోయెనో అడుగకుడు.