పాడిన గొంతుకు పేరు లేదా?

(పలాసలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచీ కూలి రేట్ల గురించి మాట్లాడుకున్నాం. జీడిపిక్క కొట్టే చేతులకి పెంకు నూనె తగిలి చర్మం ఎలా కాలిపోతుందో, కిలో లెక్కన ఇచ్చే కూలిలో ఆ కాలిన చేతుల లెక్క ఎక్కడా ఎందుకు ఉండదో చెప్పుకున్నాం. ఇంత బరువైన విషయాల మధ్య ఒక పాత గ్రామఫోను రికార్డు గురించి మాట్లాడతానంటే మీకు వింతగా ఉండొచ్చు. నేను మాట్లాడబోయేది కూడా శ్రమ గురించే. పాట పాడటమూ శ్రమే. ఆ శ్రమ ఎవరి పేరున జమ అవుతుందన్నదే నా ప్రశ్న.

'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' పాట మీ అందరికీ వచ్చు. టెక్కలిలో నేను చదువుకున్న రోజుల్లో ప్రార్థన సమయానికి వరసల్లో నిలబడి, చేతులు కిందికి చాపి, గొంతులు చించుకుని పాడేవాళ్లం. రాసినవారు శంకరంబాడి సుందరాచారి గారని పాఠంలో చదివాం, పరీక్షలో రాశాం. పాడినవారెవరని మాకు ఏ పాఠమూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పాట అంటే రాసినవారిదే అనీ, పాడేవాళ్లు వస్తుంటారు పోతుంటారనీ మనకి చిన్నప్పటినుంచే అలవాటు చేశారు.

ఇందాక మీకు ఫోనులో వినిపించిన గొంతు టంగుటూరి సూర్యకుమారిది. ఈ పాటను సుందరాచారి గారు 1942లో వచ్చిన 'దీనబంధు' సినిమా కోసం రాశారు. సినిమాలో దానికి చోటు దొరకలేదు. తర్వాత హెచ్.ఎం.వి. కంపెనీ సూర్యకుమారి చేత పాడించి రికార్డుగా విడుదల చేసింది. సినిమా వద్దనుకున్న పాట ఒక అమ్మాయి గొంతు ఎక్కి ఇల్లిల్లూ తిరిగింది. పాట రాసిన 1942 నాటికి ఆమెకి పదహారేళ్లు. 1925 నవంబరు 13న రాజమండ్రిలో పుట్టింది.

ఆ రికార్డు విన్నారు కదా, మనం బడిలో పాడిన పాటలా ఉందా? కవాతు అడుగు లేదు, నినాదం లేదు. నెమ్మదిగా, ఒక్కో మాటనీ సంగతితో సున్నితంగా తిప్పుతూ, పక్కనున్న మనిషికి చెప్పుకుంటున్నట్టు పాడింది. జాతిగీతాలు గుంపుని నిలబెట్టడానికి పాడతారు. ఈ రికార్డు మనిషిని కూర్చోబెట్టి వినిపిస్తుంది. తర్వాతి కాలంలో ఇది రాష్ట్రగీతమైంది, బృందగానమైంది, సభల్లో అందరూ లేచి నిలబడే పాటయింది. అలా అయ్యేసరికి ఒక్క గొంతుతో పాడిన తొలి రికార్డు మరుగునపడిపోయింది. సూర్యకుమారి గురించి రాసేవాళ్లు కూడా దీన్ని ఆమె చిన్నతనపు ముచ్చటగా ఒక్క వాక్యంలో చెప్పి దాటేస్తారు. ఆమె చేసిన గొప్ప పనుల్లో ఇదొకటని నేనంటాను.

అందుకు కారణం చెబుతాను. ఆ రోజుల రికార్డు లక్కతో చేసిన పళ్లెం, నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగేది. ఒక వైపున మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. అంతకుముందు తరం గాయకులు కొమ్ము గొట్టంలోకి అరిచినట్టు పాడవలసి వచ్చేది. 1920ల చివరికి మైకు వచ్చింది. మైకు ముందు గొంతెత్తనక్కర్లేదు, మెల్లగా పాడినా లక్క మీద గీత పడుతుంది. మనం లలిత సంగీతం అని పిలుచుకునేది నిలబడింది ఈ వసతి మీదనే. నాటకాల రంగస్థలం మీద చివరి వరసకి వినబడేలా పాడే పాట నుంచి, చెవి దగ్గర పాడే పాటకి తెలుగు గొంతు మారిన కాలమది. ఆ మార్పులో ఆడపిల్లల పాలు పెద్దది. రావు బాలసరస్వతీదేవి చిన్నపిల్లగా ఉన్నప్పుడే గ్రామఫోను రికార్డులిచ్చింది. సాలూరు వైపు నుంచి వెళ్లిన మన ఎస్. రాజేశ్వరరావు గారితో కలిసి ఆమె పాడిన పాటలు ఆ తరానికి కొత్త రుచి చూపించాయి. చరిత్ర రాసేటప్పుడు మాత్రం రాజేశ్వరరావు గారిది ప్రతిభ, బాలసరస్వతిది తీయని గొంతు అంటారు. ప్రతిభ అనేది సంపాదించుకున్నదట, గొంతు దేవుడిచ్చిందట! 1944లో ఆమెకి కొలంక రాజావారితో పెళ్లయింది, క్రమంగా సినిమా పాటకి దూరమైంది. దేవుడిచ్చిన గొంతు కాబట్టి ఆగిపోయినా నష్టమేమీ లేదనుకున్నారేమో.

సూర్యకుమారి విషయంలోనూ ఇదే ధోరణి. ఆమె పేరెత్తగానే ముందు చెప్పేది ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురని. తర్వాత 1952లో మిస్ మద్రాస్ అని. మధ్యలో ఉన్న పని ఎక్కడికి పోయింది? 1937లో 'విప్రనారాయణ'తో సినిమాల్లోకి వచ్చింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారి 'రైతుబిడ్డ'లో నటించింది. 1941లో 'దేవత', ఆ తర్వాత 'భక్త పోతన'. 1961లో న్యూయార్కు రంగస్థలం మీద ఠాగూరు 'రాజా' నాటకంలో రాణి సుదర్శన పాత్ర వేసింది. 1960లలో లండన్ చేరి మన ఆటపాటలు నేర్పుతూ 2005లో అక్కడే కన్నుమూసింది. ఇంత జీవితాన్ని మనం ఒక బంధుత్వానికీ ఒక అందాల కిరీటానికీ కుదించేశాం.

ఇది మన దగ్గరే జరిగిందా? అమెరికాలో నల్లజాతి గాయని అరెతా ఫ్రాంక్లిన్ సంగతి చూడండి. ఆమెని సోల్ సంగీతానికి మహారాణి అంటారు. ఆమె తండ్రి పేరున్న మతబోధకుడు. పద్నాలుగేళ్ల వయసులో ఆయన చర్చిలో పాడిన పాటలు 1956లో రికార్డుగా వచ్చాయి. కొలంబియా కంపెనీకి ఇచ్చిన మొదటి ఆల్బం 1961లో వచ్చింది. అసలు అరెతా పుట్టింది 1967లో 'రెస్పెక్ట్' పాటతోనేననీ, అంతకుముందువన్నీ తప్పటడుగులనీ చాలాకాలం విమర్శకులు తీర్పు చెప్పారు. ఆ మొదటి ఆల్బం వింటే పద్దెనిమిదేళ్ల పిల్ల అప్పటికే పాటని తన చెప్పుచేతల్లోకి తెచ్చుకోవడం తెలుస్తుంది. ఇక 'రెస్పెక్ట్' రాసిందీ, 1965లో మొదట పాడిందీ ఓటిస్ రెడ్డింగ్ అనే మగవాడు. ఇంటికొచ్చిన మగవాడు పెళ్లాం నుంచి మర్యాద కోరే పాట అది. అరెతా నోట అది ఆడదాని డిమాండ్ అయింది. కొన్ని మాటలు మార్చి, కొన్ని చేర్చి, పాట తలనే తిప్పేసింది. పాడటమంటే ఒకరి మాటని మోసుకెళ్లడం మాత్రమే కాదని అర్థం కావడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

సూర్యకుమారి మాటలేమీ మార్చలేదు. కానీ ఆమె పాడిన తీరు ఆ పాటకి మాటల్లో లేని అర్థాన్నిచ్చింది. మాటలు చూస్తే అది గొప్పల జాబితా. అందులో రుద్రమ భుజబలమూ ఉంది, మల్లమ్మ పతిభక్తీ ఉంది. రాజ్యమేలిన ఆడదాన్ని పొగిడిన వెంటనే మొగుణ్ణి కొలిచిన ఆడదాన్ని కూడా పొగిడితేగాని లెక్క సరిపోలేదు. స్త్రీని తల్లిగా చేసి దండ వేయడంలో ఉన్న తిరకాసు మనకి తెలియనిది కాదు. దండ వేసిన తల్లి విగ్రహమవుతుంది, విగ్రహం కూలి అడగదు. అయితే సూర్యకుమారి గొంతులో ఆ తల్లి విగ్రహంలా వినిపించదు. కూతురు తల్లి జడలో పూలు తురుముతున్నట్టు ఉంటుంది. మాటల్లోని పీఠాన్ని గొంతు నేలమీదికి దించింది. ఆ పని చేసింది కవి కాదు, పాడిన అమ్మాయి.

నేను కవిని తక్కువ చేయడం లేదు. సుందరాచారి గారి పేరు కూడా చాలామందికి ఆలస్యంగానే తెలిసింది. ఆయన చివరి రోజులు సుఖంగా గడవలేదు. ఆ ఇద్దరి మధ్యా పోటీ పెట్టనక్కర్లేదు. ఒకరి పేరు నిలవడానికి ఇంకొకరి పేరు చెరిపేయనక్కర్లేదనే నేననేది.

నిన్న సాయంత్రం ఈ రికార్డు కొందరు జీడి కార్మికులకి వినిపించాను. ఒకామె అంతా విని, "పాట బాగుందమ్మా. గోదారుంది, కృష్ణుంది. మన వంశధార లేదేటి?" అంది. నాకు జవాబు తోచలేదు. నిజమే, వంశధార లేదు, మహేంద్రతనయ లేదు, బాహుదా లేదు. అమరావతి శిల్పాలున్నాయి, శ్రీముఖలింగం లేదు. ఇంట్లో ఒరియా, వీధిలో ఉద్దానం తెలుగు మాట్లాడే ఆడవాళ్లకి ఆ తల్లి ఎంత దగ్గరి చుట్టమో ఆలోచించవలసిందే. 2014 తర్వాత తెలంగాణ ఆ పాటని పక్కన పెట్టింది. 2024లో 'జయ జయహే తెలంగాణ'ని తన రాష్ట్రగీతం చేసుకుంది. పాటలో తమ పేరు లేనివాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు.

ఆమె ప్రశ్న నన్ను 1940కి తీసుకెళ్లింది. 'రైతుబిడ్డ' సినిమా జమీందారు అభ్యర్థికి ఓటు వేయనన్న రైతు కథ. జమీందార్లు కన్నెర్రజేశారు, కొన్నిచోట్ల ఆ సినిమా ఆడనివ్వలేదు. అందులో పాల్గొన్న సూర్యకుమారికి అప్పుడు పదమూడు పద్నాలుగేళ్లు. ఆ మరుసటి ఏడాది, 1940 మార్చిలో, ఈ పలాసలోనే అఖిల భారత కిసాన్ సభ జరిగింది. కొద్ది రోజులకే ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులకి ఎదురు నిలిచిన సాసుమాన గున్నమ్మ కాల్పుల్లో చనిపోయింది. అప్పుడామె గర్భవతి. సినిమాలో జమీందారుని ఎదిరించిన కథకి పాట ఉంది, రికార్డు ఉంది. నిజంగా ఎదిరించిన గున్నమ్మ గొంతు ఎలా ఉండేదో మనకి తెలియదు. ఆమె పొలంలో ఏ పాట పాడిందో ఎవరూ పట్టి ఉంచలేదు. సూర్యకుమారి కులమూ కుటుంబమూ ఆమెని మైకు దాకా తీసుకెళ్లాయి. అక్కడికి వెళ్లిన ఆమె పేరే చెరిగిపోతే, వెళ్లలేనివాళ్ల సంగతి ఏమిటి?

ఇప్పుడు హక్కు దగ్గరికి వద్దాం. సూర్యకుమారి పాడిన రోజుల్లో మన దేశంలో నడిచింది 1914 నాటి కాపీరైటు చట్టం, అంటే బ్రిటిష్ వాళ్ల 1911 చట్టమే. దాని లెక్కలో రికార్డుకి కర్త ఎవరంటే, మొదటి ప్లేటు ఎవరి ఆస్తో వాళ్లు, అంటే కంపెనీ. పాడిన మనిషి ఊసే లేదు. 1957 చట్టం వచ్చాక కూడా పాటగాళ్లకి హక్కు రాలేదు. 1994 సవరణతో మొదటిసారి ప్రదర్శకుల హక్కు అనేది చట్టంలోకి వచ్చింది. అది యాభై ఏళ్లపాటు ఉంటుంది. 2012 సవరణ ఇంకో అడుగు వేసింది. 38బి సెక్షను ప్రకారం, పాడినవారు ఈ పాట పాడింది నేనేనని పేరు చెప్పించుకునే హక్కు ఉంది. పాటని తన పరువు పోయేలా వక్రీకరిస్తే అడ్డుకునే హక్కూ ఉంది. ప్రదర్శకులంటే సినిమా గాయనులే కాదు. నలుగురి ముందు నోరు విప్పి పాడిన ఎవరైనా ప్రదర్శకులే. నాట్లలో పాడే అక్క, జీడి పొట్టు తీస్తూ పాడే చెల్లి కూడా.

2020లో 'పలాస 1978' సినిమాతో మన వైపు జానపద పాట 'నాది నక్కిలీసు గొలుసు' రాష్ట్రమంతా మోగింది. మనకి సంతోషమే. కానీ 'జానపదం' అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. అది ఎవరిదీ కాని పాట అన్నట్టు వినిపిస్తుంది. జనపదంలో ఉన్నది మనుషులే కదా! ఏ పాటైనా ఒక నోట మొదలై, పది నోళ్లలో మారి, మన దాకా వచ్చింది. ఆ నోళ్లలో ఎక్కువ ఆడవాళ్లవి. మొదటి నోరు ఎవరిదో ఇప్పుడు దొరకదు. ఈ రోజు పాడుతున్న నోరు ఎవరిదో దొరుకుతుంది, అడిగితే.

అందుకే ఒక్క పని చేయమని మిమ్మల్ని కోరుతున్నాను. మీ పాటల్ని మీ పిల్లలూ, బయటినుంచి వచ్చేవాళ్లూ, నాలాంటి పరిశోధకులూ ఫోనుల్లో పట్టుకెళుతున్నారు. పాడే ముందు మీ పేరూ, ఊరి పేరూ, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల పేరూ మీరే గట్టిగా చెప్పండి. అది కూడా రికార్డులో ఉండాలి. దాన్ని ఎక్కడ వాడతారో అడగండి. డబ్బు వచ్చే పనైతే మీ వాటా అడగండి. అడగడం అమర్యాద కాదు. పరిశోధకురాలిగా నేనూ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ల కిందట ఈ ఊళ్లలోనే నేను సేకరించిన పాటల క్యాసెట్ల మీద 'ఉద్దానం, స్త్రీలు, నాట్ల పాట' అని రాసి ఉంది. పేర్లు రాయలేదు. ఆ రోజు నాకది తప్పుగా తోచలేదు. ఇప్పుడు ఆ క్యాసెట్లు పట్టుకుని ఊరూరూ తిరుగుతున్నాను. ఇప్పటికి నాలుగు గొంతుల్ని వాళ్ల కూతుళ్లు గుర్తుపట్టారు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆ క్యాసెట్లు ఇక్కడే వినిపిస్తాను. ఎవరి గొంతైనా మీ అమ్మదో, అత్తదో, పిన్నిదో అనిపిస్తే లేచి చెప్పండి. రాసుకోవడానికి పుస్తకం తెచ్చుకున్నాను.