సీలు చూడకుండా సంతకము చేయరాదు
(కార్యాలయాలలో కృత్రిమ మేధ, సమాచార భద్రత అను అంశముపై ప్రసంగ పాఠము)



ఉత్తరాల ముసాయిదాలు వ్రాయుటకు, ఫైళ్ల సారాంశము చెప్పుటకు కృత్రిమ మేధ సహాయక యంత్రములు నేడు కార్యాలయాలలో ప్రవేశిస్తున్నాయి. మనము వాటికి వ్యతిరేకులము కాము. పనిభారము తగ్గించు సాధనము ఏదైనను స్వాగతించదగినదే. అయితే సర్వీసు రిజిస్టరు, వైద్య ధ్రువపత్రము, పొదుపు ఖాతా వివరములు తోటి ఉద్యోగులు, ప్రజలు మనలను నమ్మి అప్పగించినవి. వాటిని యంత్రమునకు అందించుటకు ముందు దాని భద్రతను పరీక్షించి తీరవలెను.

ఇది ఊహాజనితమైన భయము కాదు. 2023 మార్చిలో చాట్‌జీపీటీలోని ఒక లోపము వలన కొందరికి ఇతరుల సంభాషణల శీర్షికలు కనిపించాయి. అదే సంవత్సరము సామ్‌సంగ్ ఉద్యోగులు సంస్థ రహస్య ప్రోగ్రాములను అట్టి సాధనములో ఉంచగా, ఆ సంస్థ మే నెలలో వాడకమును నిషేధించినది. 2025 జనవరిలో మన కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ కార్యాలయ కంప్యూటర్లలో ఇట్టి సాధనములు వాడరాదని తన సిబ్బందికి సూచించినది. అదే ఏడాది జూన్‌లో మైక్రోసాఫ్ట్ కోపైలట్‌లో మరొక లోపము వెల్లడి అయినది: బయటి నుండి వచ్చిన ఈ-మెయిలులో దాచిన ఆదేశములు, ఉద్యోగి ఏదియు నొక్కకున్నను, సంస్థ సమాచారమును బయటికి చేరవేయగలవు. దానిని సరిదిద్దినారు.

మెయిలు సంచి అందుకొనునపుడు సీలు, లేబులు చూడక మనము సంతకము చేయము. ఇచ్చటనూ అదే పద్ధతి పాటించవలెను.

మొదటిది: సమాచారము ఎక్కడ, ఎంతకాలము నిలువ ఉండును? దానితో యంత్రమునకు శిక్షణ ఇత్తురా? జవాబు ఒప్పందములో వ్రాతపూర్వకముగా ఉండవలెను.

రెండవది: కల్పిత పేరుతో ఒక సర్వీసు రికార్డును సిబ్బంది విభాగమునకు మాత్రమే అనుమతి గల చోట ఉంచి, వేరొక విభాగపు లాగిన్ నుండి యంత్రమును అడగవలెను. వివరములు చెప్పినచో కట్టుదిట్టము లేనట్లే.

మూడవది: దాచిన ఆదేశము గల నమూనా అర్జీని ఇచ్చి, యంత్రము ఆ ఆదేశమునకు లోబడునేమో చూడవలెను.

నాలుగవది: తొలగించిన సమాచారము తెరపై కనిపించనంత మాత్రమున చెరిగినట్లు కాదు. నకళ్లు కూడ తొలగినట్లు సరఫరాదారు రుజువు చూపవలెను.

యంత్రములో మార్పు జరిగిన ప్రతిసారి ఈ పరీక్షలు మరల జరపవలెను. ఒక స్టేషనులో చూసిన సీలు మరుసటి స్టేషనులో చూడనక్కర లేదని ఎవరును అనరు గదా!

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము భద్రతా బాధ్యతను సంస్థపైననే ఉంచినది. తగిన భద్రతా చర్యలు తీసుకొననిచో 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉన్నది. 2025 నవంబరులో నియమావళి వెలువడినది. ప్రధాన విధుల అమలుకు 18 నెలల గడువు ఇచ్చినారు. ఆ గడువు సిద్ధపడుటకే గాని ఉపేక్షించుటకు కాదు.

కావున మనము కోరునది ఇది. పరీక్షలలో ఉద్యోగుల ప్రతినిధులకు స్థానము ఉండవలెను. ఫలితములను వ్రాతపూర్వకముగా తెలుపవలెను. పనివేళలలోనే శిక్షణ ఇవ్వవలెను. పరీక్షించని యంత్రమును బల్లపై పెట్టి, సమాచారము బయటపడినపుడు గుమాస్తాకు చార్జిషీటు ఇచ్చు పద్ధతిని మనము అంగీకరించము.

ప్రతి శాఖ ఈ కోర్కెలను తన తదుపరి సమావేశములో చర్చించి, తీర్మానము చేసి, యాజమాన్యమునకు అందజేయవలెనని విజ్ఞప్తి చేస్తున్నాము.

ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!