పొలమారని గొంతు

పక్క హాల్లో భోజనాలు సిద్ధంగా ఉన్నాయని తెలిసి కూడా మీరీ సభలో కూర్చున్నారంటే అది మా గురువుగారి మీద గౌరవం. నాకు దాన్లో వాటా లేదు.

అన్నం తింటూ పొలమారితే మన ఇళ్లలో నెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటారు. తలుచుకునేది ఎవరో గానీ, ఆ క్షణాన మనల్ని కాసేది స్వరపేటిక. మాట దాని రెండో ఉద్యోగం. మెతుకు గాలిదారిలో పడకుండా తలుపు మూయడం మొదటిది. క్యాన్సర్ వచ్చి దాన్ని పూర్తిగా తీసేస్తే కాపలావాడు పోయినట్టే. అందుకని దార్లు రెండూ విడగొడతాం. శ్వాసనాళం కొసని మెడ ముందుకి తెచ్చి చర్మానికి కుడతాం. ఆ మనిషి ఇక అక్కణ్ణించే ఊపిరి పీలుస్తాడు. గొంతులో మిగిలిన పొరనీ కండనీ గొట్టంలా మూసి కుట్టి అన్నవాహికకి దారి చేస్తాం. ఆ తర్వాత అతనికి పొలమారదు. పొలమారిందా, ఎక్కడో కన్నం పడిందన్నమాట.

వియన్నాలో బిల్‌రోత్ 1873 డిసెంబరు 31న క్యాన్సర్ పట్టిన స్వరపేటికని మొత్తంగా తీసినప్పుడు ఈ విడగొట్టడం లేదు. ఆ రోగి 36 ఏళ్ల పంతులు. శిష్యుడు గుసెన్‌బౌర్ చేసిచ్చిన కృత్రిమ పేటికతో మాట్లాడాడు కూడా; కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. ఆ తరం రోగుల్లో చాలామంది ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియాతో పోయారు. బెర్లిన్‌లో గ్లూక్ శ్వాసనాళాన్ని చర్మానికి కుట్టడం నేర్పాక గానీ ఈ ఆపరేషన్‌కి బతుకు రాలేదు.

గాలిదారి క్షేమమే, మరి అన్నందారి? మనకి రోజుకి లీటరుకి అటూ ఇటూగా ఉమ్మి ఊరుతుంది. ఆ ఉమ్మి అంతా కొత్త కుట్ల మీదుగానే దిగాలి. కుట్టు ఎక్కడ వదిలినా ఉమ్మి చర్మం కిందికి చేరి, మెడ ఎర్రబడి, వారం పదిరోజుల్లో బయటికి కారుతుంది. సుశ్రుతుడు నాడీవ్రణమన్న జాతి పుండే ఇదీ; మనం ఫిస్టులా అంటున్నాం. ముందే రేడియేషన్ పడ్డ మెడల్లో ఈ బెడద ఎక్కువ. రక్తహీనత, తిండిలేమి, షుగరు ఉన్నవాళ్లకీ అంతే.

గురువుగారు రౌండ్స్‌లో కేస్‌షీట్ కన్నా ముందు డ్రెస్సింగ్ విప్పేవారు. గాజుగుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు. మాకు వెగటుగా ఉండేది. "జ్వరం చార్టు రేపు చెప్పేది గుడ్డ ఇవాళే చెబుతుందోయ్" అనేవారు. అది అక్షరాలా నిజమని నాకు బోధపడింది కాటా సుబ్బయ్య దగ్గర. పేరు నేను పెట్టిందే. ఆయన ధాన్యం కాటా దగ్గర లెక్క పాడే మనిషి. చుట్ట మానలేదు. రేడియేషన్ అయ్యాక జబ్బు తిరగబెడితే స్వరపేటిక తీశాను.

ఆరోరోజు గుడ్డ వాసన కొట్టింది. కుట్టు దగ్గర చిన్న ఎరుపే కదా అని సరిపెట్టుకున్నాను. మర్నాడు నీలం రంగు కలిపిన నీళ్లు గుక్కెడు తాగించాం. మెడ మీది గుడ్డ నీలంగా మారింది. నా తొందర ఆపరేషన్ థియేటర్ వైపు పరుగెత్తింది: మళ్లీ తెరిచి కుట్టేద్దామని. గురువుగారు ఆపారు. ఉమ్మిలో నానుతున్న కణజాలం మీద కుట్టు నిలవదన్నారు. పుండు విప్పి, శుభ్రం చేసి, గుడ్డ కూరి కట్టు కట్టాం. ఉమ్మి ఊపిరి రంధ్రంలోకి జారకుండా గాలిబుడగ ఉన్న ట్యూబు వేశాం. నోటితో తిండి బంద్. ముక్కులో రైల్స్ ట్యూబు. ఆయన భార్య వడకట్టిన రాగిజావ, గుడ్డు కలిపిన పాలు గంట గంటకీ సిరంజితో పోసేది; పక్క మంచాలవాళ్లకీ ఆవిడే నేర్పింది.

మూడువారాలైనా కన్నం పూడలేదు. "థైరాయిడ్ చూశావా?" అన్నారు గురువుగారు. చూడలేదు. రేడియేషన్‌కి ఆ గ్రంథి దెబ్బతింటుందని చదువుకున్నవాణ్ణే, గుర్తుకురాలేదు. పరీక్షలో బాగా తగ్గి ఉంది. మాత్రలు మొదలుపెట్టాక పుండు అడుగున ఎర్రటి కొత్త కండ కనిపించింది. ఇంకో నెలకి గుడ్డ పొడిగా వచ్చింది.

అందరికీ ఇలా మూసుకోదు. మెడలోని పెద్ద రక్తనాళం మీదికి ఉమ్మి పారుతుంటే ఎదురుచూపు ప్రమాదం. కట్టు మీద చిన్న రక్తపు చారిక కనబడినా, అది పెద్ద వరదకి ముందొచ్చిన కబురనుకోవాలి. అప్పుడు ఛాతీ కండని చర్మంతో సహా తిప్పి తెచ్చి కప్పుతాం; 1979లో ఏరియన్ చూపించిన ఈ పద్ధతి ఎన్ని మెడల్ని కాపాడిందో లెక్కలేదు.

విడ్డూరం ఏమిటంటే, ఇంత కష్టపడి పూడ్చే కన్నాన్నే మాట కోసం మళ్లీ మనమే పొడుస్తాం. 1930ల్లో గట్‌మన్ అనే అమెరికా వైద్యుడు ఒక రోగి కథ రాశాడు. స్వరపేటిక పోయిన ఆ మనిషి ఐసు పొడిచే చువ్వని కాల్చి, శ్వాసనాళంలోంచి అన్నవాహికలోకి తనే గుచ్చుకున్నాడట. మెడ రంధ్రం వేలితో మూస్తే గాలి ఆ కన్నంలోంచి గొంతులోకెక్కి మాటైంది! ఆ మొండితనాన్ని శాస్త్రం చేసినవాళ్లు సింగర్, బ్లామ్. 1980లో కన్నంలో చిన్న సిలికోన్ కవాటం పెట్టారు: గాలిని పైకి వదులుతుంది, నీళ్లని కిందికి రానివ్వదు. విదేశీ కవాటం వేలల్లో ఉంటే, బెంగళూరు డాక్టర్ విశాల్ రావు బృందం యాభై రూపాయల్లో తయారుచేసింది. ఈ సభలో చప్పట్లు కొట్టాల్సిన చోటేదైనా ఉంటే ఇదే.

సుబ్బయ్యకి కవాటం పెట్టిన రోజు, పది దాకా లెక్కపెట్టమన్నాం. బొటనవేలితో మెడ మూసుకుని, "లాభం, రెండు, మూడు" అన్నాడు. కాటా దగ్గర ఒకటి అనరు మరి. ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని బయటికెళ్లిపోయింది.

కవాటాలు నెలల్లోనే పాడవుతాయి. ఫంగస్ పడితే సరిగా మూసుకోవు. అప్పుడు నీళ్లు మధ్యలోంచి కారతాయి, కొత్తది మారిస్తే సరి. చుట్టూరా కారితే కన్నమే వెడల్పైందని అర్థం. పెద్దది దూర్చకూడదు, కవాటం కొలతా నిడివీ సరిచూసి, కన్నాన్ని కుదించుకోనివ్వాలి. రంగునీళ్లు తాగించి టార్చి వేసి చూస్తే ఏది ఎక్కడిదో తెలుస్తుంది. కవాటం ఊడిపోతే మటుకు ముందు ఊపిరితిత్తుల్లోకి జారిందేమో వెతకండి, ఆలోగా కన్నం పూడిపోకుండా ఒక గొట్టం ఉంచండి.

ఏడాది తర్వాత సుబ్బయ్య దగ్గుతూ వచ్చాడు. పెరుగన్నం బాగానే దిగుతోందట, మజ్జిగకి మాత్రం పొలమారుతోందట. టార్చి వేస్తే మధ్యలోంచే కారుతోంది. పాతది తీయబోతుంటే వేలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"మీరే తలుచుకుంటున్నారేమో అనుకున్నాను బాబూ."